పేజ్‌మేకర్, శుభలేఖలు, ఎక్సెల్ పనికి మానిటర్: ఫుల్ హెచ్‌డీయా, 2కెనా, 4కెనా?

ముందు మీరు అడిగింది ఒకసారి చెప్పుకుందాం. పాలకొల్లులో డీటీపీ షాపు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్లో 'అను' తెలుగు ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు, కోరల్‌డ్రాలో ఫ్లెక్సీలు. రాత్రిళ్లు రొయ్యల మేత డీలరుగారి లెక్కలు ఎక్సెల్‌లో. పాత 18.5 అంగుళాల మానిటర్‌కి కుడిపక్క గీతలు పడ్డాయి. భీమవరం షాపులో 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తీసుకోమంటున్నారు, మీ మేనల్లుడేమో 4కె తప్ప వేరేది వద్దంటున్నాడు. బడ్జెట్ పాతిక వేలు. ప్రూఫులు చూసేది మీ నాన్నగారు, ఆయనకి చత్వారం. సీపీయూలో ఉన్నది మూడో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు.

రాజమండ్రిలో డీటీపీ షాపులకీ ఫొటో స్టూడియోలకీ సిస్టమ్స్ పెట్టడమే నా పని కాబట్టి నాన్చకుండా చెప్పేస్తాను. మీకు రెండూ వద్దండి. 27 అంగుళాల్లో 2560×1440 ఉన్న, అంటే షాపుల్లో 2కె అనే, ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగు మారని రకం తెర) మానిటర్ తీసుకోండి. దాంతోపాటు చిన్న గ్రాఫిక్స్ కార్డు ఒకటి తీసుకోక తప్పదు. కార్డు సంగతి మర్చిపోయి మానిటర్ ఒక్కటే కొంటే మాత్రం డబ్బులు గోదాట్లో పోసినట్టే.

రిజల్యూషన్ అంటే తెర మీద అడ్డంగా ఎన్ని చుక్కలు, నిలువుగా ఎన్ని చుక్కలు అన్న లెక్క. ఫుల్ హెచ్‌డీ అంటే 1920×1080, అది చిన్న ఫోన్‌లోనూ ఉంటుంది, పెద్ద టీవీలోనూ ఉంటుంది. అందుకని ఆ అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలీదు. ఒక్కో చుక్క ఎంత లావుందో చూడాలి. కంపెనీ స్పెసిఫికేషన్లలో ఇది పిక్సెల్ పిచ్ అని మిల్లీమీటర్లలో ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. మీ పాత 18.5 అంగుళాల తెర 1366×768 అయ్యుంటుంది, దాని చుక్క 0.30 మి.మీ. షాపులో చూపించిన 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ చుక్క 0.311 మి.మీ. అంటే కొత్తదానికి డబ్బులిచ్చి, ఇప్పుడున్నదానికంటే మోటు అక్షరాలు ఇంటికి తెచ్చుకుంటారన్నమాట. తెర పెద్దదవుతుంది, పేజీ ఎక్కువ కనిపిస్తుంది, అది నిజమే. కానీ అక్షరం ఏ మాత్రం నునుపెక్కదు.

మిగతావి కూడా చెప్పేస్తాను. 24 అని అమ్మే 23.8 అంగుళాల ఫుల్ హెచ్‌డీకి 0.275. 27 అంగుళాల 2560×1440కి 0.233. 27 అంగుళాల 4కెకి, అంటే 3840×2160కి, 0.156. మామూలు చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు తేడాని పట్టుకుంటుంది. ఆ లెక్కన 0.311 చుక్కలు విడివిడిగా కనబడకుండా ఉండాలంటే మనిషి మీటరు పైనే వెనక్కి జరిగి కూర్చోవాలి. 0.233కి 80 సెంటీమీటర్లు, 0.156కి 54 సెంటీమీటర్లు చాలు. మీరు మూరెడు బల్ల మీద పని చేస్తారు, కళ్లకీ తెరకీ మధ్య 60, 65 సెంటీమీటర్లు ఉంటుందేమో. ఈ లెక్క ఒక్కటే చూస్తే మీ మేనల్లుడే గెలుస్తాడు. అతను ఎక్కడ ఓడిపోతాడో తర్వాత చెప్తాను, ముందు తెలుగు అక్షరాల గొడవ తేల్చుకుందాం.

ఇంగ్లీషు మ్యాటర్ కొట్టేవాళ్లకి చుక్క లావు అంతగా తెలియదు. మనకి తెలుస్తుంది. ధ అడుగున ఉండే చిన్న గీత తీసేస్తే ద. ఫ కింద, ఢ కింద కూడా అలాంటి గీతే. శుభలేఖలో 11 పాయింట్ల అక్షరాన్ని, కార్డు మీద అచ్చయ్యే సైజులోనే తెర మీద చూశామనుకోండి. మొత్తం ఎత్తు నాలుగు మిల్లీమీటర్ల లోపు. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో ఆ ఎత్తంతటికీ కలిపి వచ్చేది 12 చుక్కలు. తలకట్టు, అక్షరం, అడుగున గీత, దానికింద ఒత్తు, అన్నీ ఆ పన్నెండులోనే సర్దుకోవాలి. గీతకి ఒక చుక్క దక్కితే దక్కినట్టు. 2560×1440లో అదే ఎత్తుకి 16, 17 చుక్కలు వస్తాయి. 4కెలో 25. "వధువు" అని ఉండాల్సిన చోట "వదువు" అని అచ్చయిపోయిన కార్డులు నేను చూశాను, మీరూ చూసే ఉంటారు. అన్నీ టైపింగ్ తప్పులే కాదు, ప్రూఫు చూసేటప్పుడు ఆ గీత ఉందో లేదో కంటికి ఆననివి కూడా అందులో ఉన్నాయి.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. విండోస్‌లో అక్షరాల అంచులు నునుపు చేసే క్లియర్‌టైప్, పాత సాఫ్ట్‌వేర్లలో అడ్డంగానే పని చేస్తుంది, నిలువుగా చేయదు. ఇంగ్లీషులో నిలువు గీతలు ఎక్కువ కాబట్టి వాళ్లకి అది సరిపోతుంది. మనవి గుండ్రటి అక్షరాలు, పైగా ఒత్తులన్నీ కిందకి దిగుతాయి. అందుకే సున్నా పైనా అడుగునా మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఇది సెట్టింగులతో తీరేది కాదు, చుక్కలు పెరిగితేనే తీరుతుంది.

అయితే ప్రూఫు ఎవరూ అసలు సైజులో చూడరు కదా, జూమ్ చేసుకునే చూస్తారు కదా అంటారు. నిజమే. అసలు 1440, అంటే 2560×1440 తెర, మీకు పనికొచ్చేది అక్కడే. 7×5 అంగుళాల కార్డుని పేజ్‌మేకర్‌లో 200 శాతంలో పెడితే అది తెర మీద 1344×960 చుక్కలు తీసుకుంటుంది. ఫుల్ హెచ్‌డీలో నిలువు మొత్తం 1080. మెనూ, రూలర్, కింద టాస్క్‌బార్ పోగా 960 మిగలదు. కార్డు అడుగు భాగం తెర కిందకి పోతుంది. ఆహ్వానించువారి పేర్లు ఉండేది సరిగ్గా అక్కడే. పేర్లు తప్పుపడితే పెళ్లివారు ఊరుకుంటారా! 1440లో కార్డు మొత్తం 200 శాతంలో ఒకేసారి కనబడి, ఇంకా చోటు మిగులుతుంది. మీ నాన్నగారు స్క్రోల్ చేయకుండా పైనుంచి కింద దాకా ఒక వరసలో చదువుకోవచ్చు. చత్వారం ఉన్నవాళ్లకి స్క్రోల్ చేసినప్పుడల్లా వరస తప్పుతుంది, అది కళ్లద్దాలతో పోయేది కాదు.

ఏ4 కరపత్రమూ అంతే. 100 శాతంలో అది 794×1123 చుక్కలు. ఫుల్ హెచ్‌డీ తెర ఎంత పెద్దదైనా 1123 అందులో పట్టదు. 1440లో పట్టి, మెనూలకి మూడొందల పైచిలుకు చుక్కలు మిగులుతాయి. రెండు పేజీలు పక్కపక్కన పెట్టుకున్నా టూల్‌బాక్సులకి చోటుంటుంది.

ఇక 4కె. మేనల్లుడు చెప్పింది అతని పనికి తప్పేం కాదు. అతను కొత్త ల్యాప్‌టాప్ మీద కోడింగో, బ్రౌజర్లో పనో చేసేవాడైతే 27 అంగుళాల 4కె పెట్టి, విండోస్‌లో స్కేలింగ్ (తెర మీద అన్నిటినీ పెద్దవిగా చూపించే సెట్టింగ్) 150 శాతం చేసుకుంటే అక్షరాలు అచ్చుగుద్దినట్టు ఉంటాయి. కోనసీమలో ఇంటి దగ్గర్నుంచి పని చేసే పిల్లలకి నేనే అవి పెట్టించాను. మీ ఇబ్బంది పేజ్‌మేకర్‌తోనే. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. దాని తర్వాత చిన్న అప్‌డేట్లు తప్ప కొత్త వెర్షనే లేదు. ఇప్పటి స్కేలింగ్‌కి తగ్గట్టు దాన్ని రాయలేదు.

27 అంగుళాల 4కెలో స్కేలింగ్ 100 శాతం దగ్గర వదిలేస్తే మెనూ అక్షరాలు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో ఉన్నదాంట్లో సగానికి కొంచెం పైన ఉంటాయి. భూతద్దం కావాలి. 150 శాతం పెడితే కొత్త సాఫ్ట్‌వేర్లు అక్షరాన్ని కొత్తగా గీసుకుంటాయి, పేజ్‌మేకర్ గీసుకోదు. అది ఇచ్చిన బొమ్మనే విండోస్ లాగి ఒకటిన్నర రెట్లు చేస్తుంది. ఒక చుక్క ఒకటిన్నర చుక్కలవ్వాలంటే ఎలా అవుతుంది? పక్కవాటిలో కలిసి మసకబారుతుంది. ఒత్తులు ముందు పోతాయి. కంపాటిబిలిటీ ట్యాబ్‌లో హై డీపీఐ సెట్టింగులు మారిస్తే మసకైనా ఉంటుంది, లేదా చీమతలకాయంత మెనూలైనా వస్తాయి. రెండూ లేకుండా ఉండే మధ్యే మార్గం అక్కడ లేదు. పోనీ 200 శాతం పెడితే మసక తగ్గుతుంది, కానీ ఒక్కో చుక్కా నాలుగు చుక్కలుగా మారి మీకు దక్కే చోటు మళ్లీ 1920×1080 అంతే. 4కె డబ్బులిచ్చి ఫుల్ హెచ్‌డీ చోటు కొనుక్కున్నట్టు.

27 అంగుళాల 1440కి స్కేలింగే అక్కర్లేదు. 100 శాతంలో పెట్టి వదిలేయండి. పేజ్‌మేకర్‌కి అది మామూలు తెరలాగే ఉంటుంది. మీరు రేపు ఇన్‌డిజైన్ లాంటి కొత్త సాఫ్ట్‌వేర్‌కి, యూనికోడ్ ఫాంట్లకి మారిపోయే ఆలోచనలో ఉంటే అప్పుడు 4కె గురించి మళ్లీ మాట్లాడుకుందాం. ముహూర్తాల సీజన్లో మాత్రం అలాంటి ప్రయోగాలు పెట్టుకోకండి.

ఎక్సెల్ సంగతి ఒక్క ముక్కలో: మామూలు వరస ఎత్తు 20 చుక్కలు, మామూలు నిలువు గడి 64. ఫుల్ హెచ్‌డీ కంటే 1440లో 18 వరసలు, 10 గడులు అదనంగా కనిపిస్తాయి. చెరువుకొక గడి వేసి, తారీకు వారీ మేత బస్తాలు రాసుకునే షీటుకి అది చాలా ఎక్కువ.

ఇప్పుడు అసలు చిక్కు, మీ హెచ్61 బోర్డు. ఆ బోర్డుల హెచ్‌డీఎంఐ నుంచి వచ్చే గరిష్ఠ రిజల్యూషన్ 1920×1200. మీరు 2560×1440 మానిటర్ తెచ్చి ఆ కేబుల్ తగిలిస్తే బొమ్మ వస్తుంది. అందరూ మోసపోయేది అక్కడే. రావడమైతే వస్తుంది, 1920×1080లో వస్తుంది. మానిటర్ దాన్ని తన 2560 చుక్కలకి సాగదీసుకుంటుంది. మూడు చుక్కలు నాలుగవ్వాలి, మళ్లీ అదే మసక. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ కూడా దానికంటే నయంగా ఉంటుంది. "కొత్త మానిటర్ బాలేదండీ, అక్షరాలు తేలిపోతున్నాయి" అని వచ్చేవాళ్లలో చాలామంది సమస్య మానిటర్‌ది కాదు, ఇదే. డిస్‌ప్లే సెట్టింగుల్లో 2560×1440 పక్కన రికమెండెడ్ అని ఉండి, అదే ఎంచుకుని ఉండాలి. ఆ అంకె జాబితాలోనే లేకపోతే కేబులో పోర్టో సరిపోలేదని అర్థం. మీ బోర్డు నిజంగా హెచ్61 అవునో కాదో చూసుకోవడానికి స్టార్ట్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి, బేస్‌బోర్డ్ ప్రాడక్ట్ అన్న వరస చూడండి.

కాబట్టి గ్రాఫిక్స్ కార్డు కావాలి. జీటీ 1030 లాంటిది చాలు. దానికి 30 వాట్లు చాలు, ఎస్ఎంపీఎస్ (సీపీయూలోని పవర్ సప్లై) నుంచి విడిగా కరెంటు వైరు అక్కర్లేదు, హెచ్‌డీఎంఐ 2.0 ఉంటుంది. ఆటలు ఆడరు కాబట్టి అందులో ఏ మెమరీ ఉన్నదైనా పర్లేదు. మీది సన్న క్యాబినెట్ అయితే పొట్టి బ్రాకెట్ ఉన్నది అడగండి. పాత బోర్డుల్లో ఒక్కోసారి బయాస్ (సిస్టమ్ ఆన్ చేయగానే ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) కొత్త కార్డుని గుర్తుపట్టక మొరాయిస్తుంది, అందుకని బిల్లు రాయించే ముందే సీపీయూ షాపుకి పట్టుకెళ్లి, అక్కడే పెట్టించి, తెర వెలిగాక డబ్బులివ్వండి. మానిటరూ కార్డూ కలిపి మీ పాతిక వేలలోపే రావచ్చు. రాకపోతే కార్డు మానేసి మానిటర్ తెచ్చుకోవద్దు. అప్పుడు 23.8 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ తీసుకుని ఆ బోర్డుకే తగిలించండి. వీజీఏ వైరుతో మాత్రం వద్దు, హెచ్‌డీఎంఐతోనే.

షాపులో 2కె అంటే ఏ అంకె అని అడగండి, 2560×1440 అని బాక్సు మీద రాసి ఉన్నదే తీసుకోండి. "4కె సపోర్ట్" అన్న మాటని నమ్మకండి. 4కె సిగ్నల్ తీసుకుని 1080 ప్యానెల్ మీద చూపించేవి కూడా ఆ మాటతోనే అమ్ముతున్నారు. నేటివ్ రిజల్యూషన్, అంటే ప్యానెల్ మీద నిజంగా ఉన్న చుక్కలు, ఎంత అన్నదే ప్రశ్న. 32 అంగుళాల టీవీ పెట్టుకుంటే చవక కదా అని ఎవరైనా అంటారు, ఆ హెచ్‌డీ రెడీ టీవీలో ఉండేది మీ పాత మానిటర్‌లో ఉన్న అవే 1366×768 చుక్కలు, అంత పెద్ద తెర మీద పరిచి. పైగా చాలా టీవీలు రంగు సమాచారాన్ని కుదించి చూపిస్తాయి. తెల్లటి నేల మీద ఎర్ర అక్షరాలు అంచుల దగ్గర చెదిరిపోతాయి. శుభలేఖల్లో ఎర్ర అక్షరాలే కదా ఎక్కువ.

రంగుల గురించి. తెర ఎన్ని రంగులు చూపించగలదో చెప్పే కొలతలు ఎస్ఆర్‌జీబీ, ఎన్‌టీఎస్‌సీ. స్పెసిఫికేషన్లలో ఎస్ఆర్‌జీబీ 99 శాతం అని ఉన్నది చూడండి. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే వదిలేయండి, అందులో కుంకుమ ఎరుపు ఇటుక రంగులోకి వెళ్తుంది. వీఏ అనే ఇంకో రకం ప్యానెల్ నలుపు బాగా చూపిస్తుంది గానీ పక్కనుంచి చూస్తే రంగు మారుతుంది, మీ కౌంటర్ దగ్గర పెళ్లివాళ్లు నలుగురూ నాలుగు వైపులనుంచి తొంగిచూస్తారు కాబట్టి ఐపీఎస్ అన్నాను. ఇంకోటి, "తెర మీద బాగుంది, ప్రింటు నల్లగా వచ్చింది" అన్న గొడవ సగం బ్రైట్‌నెస్ వల్లే. కొత్త మానిటర్ పెట్టగానే అది నూటికి నూరు మీద ఉంటుంది. తెల్ల కాగితం తెర పక్కన పట్టుకుని, రెండు తెలుపులూ దగ్గరగా వచ్చేదాకా తగ్గించండి. షట్టర్ వైపు వీపు పెట్టి కూర్చునే పద్ధతైతే వీధి వెలుతురంతా తెర మీదే పడుతుంది, బల్ల అడ్డంగా తిప్పుకోండి. మ్యాట్ తెరైనా ఎదురు ఎండకి ఆగదు.

హెర్ట్జ్ (తెర మీద బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క) గురించి మీరు అడగలేదు, అడగక్కర్లేదు కూడా. 60 ఉన్నా 100 ఉన్నా మీ పనికి తేడా లేదు.

వారంటీ మాత్రం గట్టిగా అడగండి. మూడేళ్లు చాలావాటికి ఉంటుంది, కానీ మీ పిన్‌కోడ్‌కి మనిషి ఇంటికొస్తాడా, లేక మీరే మానిటర్‌ని విజయవాడో రాజమండ్రో మోసుకెళ్లాలా అన్నది కొనకముందే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి తెలుసుకోండి. షాపతని మాట సరిపోదు. చుక్కలు చచ్చిపోవడం, అంటే డెడ్ పిక్సెల్స్, ఒకటీ రెండూ ఉంటే చాలా కంపెనీలు మార్చవు. అందుకే పెట్టె విప్పిన రోజే పెయింట్‌లో తెర నిండా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటీ వేసి చూసుకోండి. ఆన్‌లైన్లో తెప్పిస్తే పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. భీమవరం నుంచి బండి మీద తెచ్చుకునేటట్టయితే పెట్టెని ఒళ్లో పడుకోబెట్టుకోవద్దు, నిలువుగానే పట్టుకోవాలి. ఆ రోడ్డు మీద గతుకులకి మధ్యలో మోకాలు గుచ్చుకుంటే ప్యానెల్ పగిలిపోతుంది, దానికి వారంటీ ఉండదు.

కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. గాలివాన వచ్చిన రోజు మానిటర్ ప్లగ్ కూడా పీకేయండి, యూపీఎస్ ఉందిగదాని వదిలేయకండి. ఈ మానిటర్ మీ పాతదానికంటే పెద్ద తేడాగా కరెంటు తినదు, ఉన్న 600 వీఏ యూపీఎస్ బ్యాటరీ బాగుంటే అదే లాగుతుంది. అడాప్టర్ బయట ఉండే మోడల్ దొరికితే మంచిది, కాలిపోతే అడాప్టర్ ఒక్కటే మార్చుకోవచ్చు, తెర విప్పే పని ఉండదు.

పాత మానిటర్ పారేయకండి. గీతలు కుడి అంచునే ఉన్నాయన్నారు కాబట్టి దాన్ని ఎడమవైపు పెట్టి, వాట్సాప్‌లో వచ్చిన మ్యాటర్ అందులో తెరిచి ఉంచి, కొత్తదాంట్లో టైప్ చేసుకోవచ్చు. దానికి వీజీఏ ఒక్కటే ఉంటే కొత్త కార్డుకి నేరుగా తగలదు, బోర్డు మీది వీజీఏకే పెట్టాలి. కార్డు పెట్టాక బోర్డు పోర్టులు మామూలుగా ఆగిపోతాయి, బయాస్‌లో ఐజీపీయూ (ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్) మల్టీ మానిటర్ అన్నదాన్ని ఎనేబుల్ చేస్తే మళ్లీ పని చేస్తాయి. అన్ని హెచ్61 బోర్డుల్లోనూ ఆ వరస ఒకే చోట ఉండదు. బోర్డు మోడల్ నంబరు రాయండి, ఎక్కడుంటుందో చెప్తాను.